మూడో పిలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క పిలుపుకే పలికితే తిట్లు పడేవి. లోకంలో పిల్లలందరికీ పలకనందుకు తిట్లు పడుతుంటే నాకు పలికినందుకు పడేవి. ఆ రూలు పెట్టింది మా పెద్దత్తయ్య, మా నాన్నకి అక్క. కొల్లేటి పక్కన పుట్టి, ఆ సరస్సు నీళ్ళ మీదే పెరిగిన మనిషి. ఆవిడ లెక్క ప్రకారం గాలీ ధూళీ మనిషిని రెండుసార్లే పిలవగలవు, మూడోసారి పిలిచే శక్తి వాటికి ఉండదు. కాబట్టి మూడో పిలుపు దాకా నోరు కుట్టేసుకుని కూర్చోవాలి. మూడోసారి కూడా పిలిచారంటే మనవాళ్ళేనని అర్థం. అప్పుడు నిశ్చింతగా పలకొచ్చు.

ఇది కొల్లేటి ఒడ్డున చెల్లుతుందేమో గానీ, ఆస్ట్రేలియాలో మంచు కొండల కింద మేమున్న చిన్న ఊళ్ళో చెల్లలేదు. బడిలో టీచరు హాజరు పిలుస్తుంటే నేను మూడోసారి దాకా నోరు విప్పేదాన్ని కాదు. ఆవిడ కొన్నాళ్ళు ఓపికగా చూసి, పిల్లకి చెవుడేమోనని మా నాన్నకి కబురు పెట్టింది. నాన్న నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నా చెవుల్లో లైటు వేసి చూసి, ఏవేవో శబ్దాలు వినిపించి, ఇవి గబ్బిలానికి ఉండాల్సిన చెవులని తేల్చాడు. ఆ రోజు ఇంటికొచ్చాక అక్కాతమ్ముళ్ళకి పెద్ద గొడవ జరిగింది. నెగ్గింది అత్తయ్యే.

అత్తయ్య మా దగ్గరికి వచ్చింది మా అమ్మ పోయాక. నాన్న ఆ కొండల్లో ఆనకట్టల మీద ఇంజినీరుగా పనిచేసేవాడు. చుట్టుపక్కల మైళ్ళ దూరంలో తెలుగు మాట్లాడేది మా ముగ్గురమే, అమ్మ పోయాక ఇద్దరమే. అమ్మ పోయింది మే నెలలో. ఇక్కడ మే అంటే రోహిణీ ఎండలు కావు, చలి మొదలయ్యే కాలం. దహనం పట్నంలో జరిగింది. అస్థికలు కలపడానికి గోదావరి ఎక్కడ, మేమెక్కడ. నాన్న ఆలోచించి ఆలోచించి, కొండ మీద ఒక పాత చెరువుంటే అక్కడికి తీసుకెళ్ళాడు. ఒకప్పుడు బంగారం తవ్వుకునేవాళ్ళు కట్టుకున్న చెరువు అది. ఎండాకాలంలో మేము పులిహోర కట్టుకుని వెళ్ళి దాని ఒడ్డున కూర్చునేవాళ్ళం, అమ్మకి ఆ చోటు ఇష్టం.

నన్ను కారులోనే కూర్చోమన్నాడు. కాసేపటికి ఖాళీ చెంబుతో తిరిగొచ్చి, తలుపు తీసి, నా వైపు చూడకుండా, "అమ్మని నీళ్ళలో కలిపేశాను తల్లీ" అన్నాడు. పెద్దవాళ్ళకి ఆ మాట అర్థం వేరు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ నీళ్ళలో ఉందని నాకు అర్థమైంది. అలా కాదని ఎవరూ చెప్పలేదు, నేను అలా అనుకుంటున్నానని ఎవరికీ తెలియదు కాబట్టి.

తర్వాత కొద్ది రోజులకే ఒక రాత్రి భోజనాల దగ్గర నాన్న, పైన చెరువు గడ్డకట్టిందట అని మామూలుగా అన్నాడు. అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టు అమ్మ మీద మూత పడిందనుకున్నాను. ఆ చలికాలమంతా నాకు ఆ మూత తప్ప ఇంకో ధ్యాస లేదు. మా ఊరి కుళాయిల్లోకి వచ్చేది ఆ కొండల నీళ్ళే. పొద్దున్నే గొట్టాలు చలికి బిగుసుకుని లోపల సన్నగా మూలిగేవి. నేను బట్టలుతికే గదిలోకి వెళ్ళి కుళాయికి చెవి ఆనించి నిలబడేదాన్ని. చేప తినడం మానేశాను. ఎందుకో చెప్పేదాన్ని కాదు, ఆ ముక్క పైకి అంటే నిజమైపోతుందని భయం.

అత్తయ్య వచ్చేసరికి చలికాలం నడి మధ్యలో ఉంది. నేతచీర మీద నాన్న పాత ఓవర్‌కోటు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు, వాటి మీద రబ్బరు బూట్లు, తలకి మఫ్లరు. ఆ అవతారంతో ఊళ్ళో నడిచి వెళుతుంటే దొరలు కార్లు ఆపి మరీ చూసేవాళ్ళు. ఆవిడ వాళ్ళని అంతకంటే వింతగా చూసేది. నేను కుళాయి దగ్గర నిలబడటం చూసింది. చేపముక్క కంచం అంచుకి నెట్టడం చూసింది. ఎందుకని అడిగే రకం కాదు, చూసి మనసులో పెట్టుకునే రకం.

సెప్టెంబరు వచ్చింది. కొండల మీద మంచు కరగడం మొదలైంది. చెరువు మీది గడ్డ విడుతోందని, చలికాలమంతా కింద పస్తులున్న ట్రౌట్ చేపలు ఆకలితో ఒడ్డు పక్కకి వస్తాయని నాన్న ఆఫీసులో చెప్పుకున్నారు. ఆ మాట ఇంట్లో పడగానే అత్తయ్య లేచి కూర్చుంది. డబ్బాలో చేప చేపేనా, ఈ దేశమొచ్చాక నీళ్ళలోంచి లేచిన చేప మొహం చూసి ఎరగనని నాన్న ప్రాణం తీసింది. ఆదివారం పొద్దున బయల్దేరాం. నేనూ వస్తానన్నాను. మూత తెరుచుకుందో లేదో చూడాలి నాకు.

ఆ చోటు పగలు కూడా మంచిది కాదు. బంగారం అయిపోయాక జనం వదిలేసి పోయిన ఊరు ఒకటి చెరువు పక్కనే ఉండేది. ఇళ్ళు ఎప్పుడో కూలిపోయాయి, ఇటుకల పొగగొట్టాలు మాత్రం ఇల్లూ వాకిలీ లేకుండా నిలబడి ఉండేవి. వాటి వెనక విరిగిన కంచె, కంచె లోపల కొన్ని సమాధులు. ఎప్పుడో కార్చిచ్చుకి మాడిన జామాయిల్ చెట్లు తెల్లగా ఎముకల్లా నిలబడి ఉండేవి. వాటి మీద కాకులు. ఇక్కడి కాకి మన కాకిలా అరవదు, పసిపిల్ల ఏడ్చి ఏడ్చి అలిసిపోయినట్టు సాగదీసి అరుస్తుంది. అత్తయ్య కారు దిగుతూనే ఆ అరుపు విని చేతిలోని సంచీ కింద పెట్టి, ఇక్కడ పిల్లలెవరున్నార్రా అని నాన్నని అడిగింది.

చెరువు మీద పొగమంచు పట్టి ఉంది. ఎండ తగిలే వైపు గడ్డ కరిగి నీళ్ళు నల్లగా తేలాయి. కొండ నీడ పడే వైపు ఇంకా ఒడ్డుకి అంటుకునే ఉంది, పువ్వేసిన కన్నులా తెల్లగా, చూపు లేకుండా. మేము చూస్తుండగానే దాని లోపలి నుంచి ఒక మూలుగు బయల్దేరి, ఈ చివరి నుంచి ఆ చివరికి పాకి, ఆగిపోయింది.

"ఏం లేదక్కా, ఐస్ కరిగేటప్పుడు ప్రెషర్ మారి అలా సౌండ్ వస్తుంది, అంతే" అన్నాడు నాన్న.

"నీ చదువు నువ్వు చదువుకున్నావు. పిల్లని మాత్రం ఒడ్డు దిగనీమాక" అంది అత్తయ్య.

నాన్న చేపలు పట్టే రాడ్డు తీసుకుని కట్ట మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్ళి పొగమంచులో కలిసిపోయాడు. అత్తయ్య ఎండవైపు బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. పెరట్లో తవ్వి జాము డబ్బాలో పోసుకొచ్చిన వానపాముల్లోంచి ఒకదాన్ని ఏరి, గాలానికి గుచ్చి, నీళ్ళలో వేసింది. గాలం వేశాక ఆవిడకి పక్కన పిడుగు పడినా తెలియదని మా నాన్న అనేవాడు. నేనూ అదే అనుకుని, పొగగొట్టాల మధ్య నుంచి మెల్లగా నీడవైపు నడిచాను.

గడ్డ దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. మూత తెరుచుకోలేదు. పైన పలచగా నీళ్ళు నిలిచి ఉన్నాయి, లోపల గాలిబుడగలు కదులుతున్నాయి. అప్పుడు వినిపించింది.

"అమ్మలూ."

నన్ను అలా పిలిచేది అమ్మ ఒక్కతే. నాన్న తల్లీ అంటాడు, అత్తయ్య పిల్లా అంటుంది. అమ్మ చేతిలో నూనెగిన్నె, దువ్వెన పట్టుకుని, నేను ఎక్కడ దాక్కున్నానో తెలిసి కూడా తెలియనట్టు, చివర సాగదీసి కాస్త కిందకి దించి పిలిచేది. అచ్చం అలాగే. గట్టిగా ఏం కాదు, పక్కగదిలోంచి పిలిచినంత. అది గడ్డ మధ్యలో నుంచి, పొగమంచు బాగా చిక్కగా ఉన్న చోటు నుంచి వచ్చింది.

రూలు గుర్తుంది. నేను పలకలేదు. కానీ అత్తయ్య రూలు పెట్టింది నోటికి, కాళ్ళకి పెట్టలేదు. ఒక కాలు గడ్డ మీద వేశాను. చన్నీళ్ళు బూటులోకి దిగాయి. కింద ఏదో కిర్రుమంది. నాకు భయం వేయలేదు, ఈ మాట ఇప్పటికీ చెప్పగలను. సంతోషం వేసింది. రెండో కాలు ఎత్తబోతుంటే మళ్ళీ పిలిచింది. ఈసారి దగ్గరగా.

వెనక నుంచి కోటు వాసన తగిలింది. అత్తయ్య ఎప్పుడొచ్చిందో, అంత లావు మనిషి ఆ రబ్బరు బూట్లతో చప్పుడు కాకుండా ఎలా వచ్చిందో నాకు తెలియదు. కేక వేయలేదు. చెయ్యి పట్టి లాగలేదు. లాగితే నేను విదిలించుకుని ముందుకే పరిగెత్తేదాన్నని ఆవిడకి తెలుసు. నా పక్కనే బురదలోకి దిగి నిలబడి, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా అడిగింది.

"ఎన్నిసార్లు పిలిచింది?"

ఎవరు అని అడగలేదు. రెండుసార్లని చెప్పాను.

"అయితే ఇంకోటి రావాలిగా. వస్తే ఇద్దరం కలిసే ఎల్దాం. అందాకా కదలమాక."

అంతకంటే న్యాయం ఏముంటుంది. నేను కదలకుండా నిలబడ్డాను. అత్తయ్య నా వెనక్కి వచ్చి, నా తలని తన పొట్టకి ఆనించుకుని, "చెవులు చూడు, ఐసుముక్కల్లే ఉన్నయ్" అంటూ ఉన్నిటోపీ కిందకి చేతులు పోనిచ్చి రెండు చెవుల మీదా అరచేతులు పెట్టింది. వానపాముల మట్టి వాసన వేశాయవి. గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

నేను ఎదురుచూశాను. ఒళ్ళంతా చెవులు చేసుకుని అంటారే, అలా ఎదురుచూశాను. మూడోసారి పిలిస్తే వెళ్ళొచ్చు, అత్తయ్యే మాటిచ్చింది. లోపల నా రక్తం హోరు తప్ప ఏమీ వినిపించలేదు. చెట్టు మీద కాకి నోరు తెరిచి మూసింది, అరుపు లేదు. పొగమంచు మా వైపు కొంచెం జరిగింది. గడ్డ మీద ఒక నల్లటి గీత ఎక్కడో పుట్టి, ఆగి ఆగి, నా కాలి వైపుకి వచ్చింది. ఒక్క క్షణం అత్తయ్య పొట్ట కదలడం ఆగిపోయింది. ఊపిరి బిగబట్టింది. ఆవిడ అరచేతులు నా చెవులని ఎంత గట్టిగా అదిమాయంటే, చెవిపోగుల వెనక మొనలు మెడలో గుచ్చుకున్నాయి. తర్వాత ఊపిరి వదిలింది. ఇంకా చాలాసేపు అలాగే నిలబెట్టింది.

చివరికి చేతులు తీసేసి, "పిలవలేదు. పద" అంది.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. ఆవిడ ఊరుకోమనలేదు, నన్ను చంకలో ఇరికించుకుని ఒడ్డెక్కించింది. మేము మొదటి పొగగొట్టం దాకా వచ్చామో లేదో, వెనక తుపాకీ పేలినట్టు శబ్దమైంది. తిరిగి చూస్తే నేను కాలు వేసిన గడ్డ గడ్డంతా ఒడ్డు నుంచి విడిపోయి, ఒక పక్కకి ఒరిగి, మెల్లగా నీళ్ళలోకి దిగుతోంది. ఆ నీళ్ళు ఎంత నల్లగా ఉన్నాయో అప్పుడు చూశాను.

ఆ చప్పుడుకి నాన్న నా పేరు పెట్టి అరుస్తూ కట్ట మీద పరుగెత్తుకొచ్చాడు. పొగమంచులో మనిషి కనిపించడం లేదు, గొంతు మాత్రం వస్తోంది. నేను అలవాటు ప్రకారం నోరు మూసుకుని నిలబడ్డాను. "పలకవే, మీ నాన్నకి గుండె ఆగిపోద్ది" అంది అత్తయ్య. ఆవిడ రూలు ఆవిడే తప్పించడం నేను చూసింది అదే మొదటిసారి.

వెంటనే ఇంటికి పోదామన్నాడు నాన్న. అత్తయ్య ఒప్పుకోలేదు. నన్ను దుప్పటి చుట్టి పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ గాలం వేసింది. కాసేపటికి చేప పడింది. పసుప్పచ్చ ఒళ్ళు, దాని మీద కుంకుమ చుక్కలు పెట్టినట్టు ఎర్ర మచ్చలు. అత్తయ్య దాన్ని గాలం నుంచి జాగ్రత్తగా విడిపించి, రెండు చేతుల్లో పట్టుకుని, ఎండవైపు కాకుండా నీడవైపు నడిచి వెళ్ళి నీళ్ళలో వదిలేసింది.

నాన్న నోరు తెరిచాడు. "అక్కా, అంత పెద్ద ఫిష్‌ని ఎవరైనా వదిలేస్తారా?"

"మొదటిది నీళ్ళకే. మా కొల్లేటి పద్ధతి" అంది.

నాన్న కూడా కొల్లేటి వాడే. ఇంజినీరు కాలేజీకి పోయాక పద్ధతులు మర్చిపోయానేమోనని ఊరుకున్నాడు పాపం. తర్వాత పడ్డవాటిని ఇంటికి తెచ్చుకున్నాం. అత్తయ్య కళ్ళుప్పూ పసుపూ వేసి తోమి, ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండుతో పులుసు పెట్టింది. నా కంచంలో ముక్క వేసి, నేను అంచుకి నెట్టక ముందే చెప్పింది.

"మీ నాన్న మీ అమ్మని కలిపింది చెరువులో కాదు పిల్లా, చెరువు నుంచి వాగు బయలెళ్ళే చోట. నేనడిగి తెలుసుకున్నా. ఆ నీళ్ళు గడ్డ కట్టకముందే ఎల్లిపోయినయ్. వాగులోంచి నదిలోకి, నదిలోంచి సముద్రంలోకి. సముద్రం ఎక్కడైనా ఒకటే. ఈ పాటికి ఉప్పుటేరు ఎక్కి మన కొల్లేటికి చేరుకునుంటది. ఇక్కడున్నయ్ వేరే నీళ్ళు. తిను."

ఆ మాటతో నా మనసు మీది మూత తెరుచుకుంది. చేప తిన్నాను. తిన్నాక ఒక అనుమానం వచ్చింది. అమ్మ అక్కడ లేకపోతే మరి నన్ను పిలిచింది ఎవరని అడిగాను. అత్తయ్య చెయ్యి కడుక్కుని కుళాయి కట్టేసింది. "మూడోసారి పిలవలేదుగా. మనవాళ్ళు కాదులే" అంది. ఆ జవాబుకి ఆ వయసులో ఎంత హాయిగా నిద్ర పట్టిందో, పెద్దయ్యాక తలుచుకుంటే అంత వణుకు వచ్చేది. మనవాళ్ళు కాకపోతే ఆ పేరు దానికి ఎవరు చెప్పినట్టు?

తర్వాత నాన్నకి సిడ్నీకి బదిలీ అయింది. అత్తయ్య మాతోనే వచ్చింది, మాతోనే ఉండిపోయింది. అయినా ఏటా సెప్టెంబరులో ఆ చెరువుకి తీసుకెళ్ళాల్సిందే. ముందు నాన్న, తర్వాత మా ఆయన గొణుక్కుంటూ కారు నడిపేవాళ్ళు. మొదటి చేప నీడవైపు నీళ్ళకి, మిగతావి పులుసుకి. మోకాళ్ళు మొరాయించే దాకా ఆవిడ ఆ పద్ధతి తప్పలేదు.

ఇక వెళ్ళలేనని ఆవిడ కూర్చున్న ఏడు, మా ఆయన ఒక్కడే వెళ్ళి చేపలు పట్టుకొచ్చాడు. అప్పటికి మేము సిడ్నీ శివార్లలో, క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కొనుక్కున్నాం. మా అమ్మాయి నెలల పిల్ల, లోపల నిద్రపోతోంది. మధ్యాహ్నం వేళ అత్తయ్య లాండ్రీ తొట్టి దగ్గర స్టూలు వేసుకుని చేపలు తోముతుంటే నేను పక్కన నిలబడి, ఆయన మొదటిది వదల్లేదత్తయ్యా, మీ కొల్లేటి పద్ధతి ఆయనకి పట్టదు అన్నాను.

"కొల్లేట్లో అట్టాంటి పద్ధతేం లేదే. దొరికిన చేపని వదిలేసే పిచ్చోళ్ళు అక్కడెవరున్నారు" అంది తల ఎత్తకుండా.

మరి అన్నేళ్ళు ఎందుకు వదిలావన్నాను. ఇంకో చేప తీసుకుని ఉప్పు రాసింది.

"మూడోసారీ పిలిచింది. పిలుస్తుందనే నీ చెవులు మూశా."

నేను తొట్టి అంచు పట్టుకున్నాను.

"పెళ్ళయిన కొత్తలో ఏడాది మా ఇంట్లోనే ఉంది మా మరదలు, ఆ గొంతు నాకు తెలవదా. కన్నతల్లి, అడిగే హక్కుంది. ఇచ్చే మనసు నాకు లేకపోయింది. ఆ మాట మీ అమ్మకి ఎట్టా చెప్పను? నీకు బదులు ఏటా ఒక ప్రాణం వదిలిపెడుతూ వచ్చా."

లోపల పాప లేచి ఏడ్చింది. నేను కదిలే లోపే అత్తయ్య ఆ చేపచేతులతోనే గోడ పట్టుకుని లేచి, వస్తన్నా వస్తన్నా అంటూ వెళ్ళింది. మూడుసార్లు పిలిచేదాకా ఆగాలన్న మనిషి, పసిపిల్ల మొదటి ఏడుపుకే పలికింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు మూలిగింది కరుగుతున్న గడ్డ అనే నాన్న చివరిదాకా నమ్మాడు. ఆయన మాట తప్పని నేను అనను. అత్తయ్య మాట తప్పని కూడా అనను. అమ్మ మూడోసారి ఎలా పిలిచిందో వినలేదే అని ఒక్కోరోజు అనిపిస్తుంది. విని ఉంటే ఇది రాయడానికి ఉండేదాన్ని కాదని మరుక్షణమే తెలుస్తుంది. రెండూ ఒకేసారి నిజం కావడం నాకు అలవాటైంది.

ఇప్పటికీ నేను ఇంట్లో మొదటి పిలుపుకి పలకను. మా మనవరాలికి ఇది పెద్ద తమాషా. హాల్లోంచి అమ్మమ్మా అమ్మమ్మా అమ్మమ్మా అని ఊపిరి తీసుకోకుండా మూడుసార్లు అరిచి, "డన్, నౌ యూ హ్యావ్ టు ఆన్సర్" అంటుంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. సెప్టెంబరులో నాతో చెరువుకి వస్తుంది. మొదటి చేపని నేను నీడవైపుకి తీసుకెళ్ళి వదులుతుంటే, "క్యాచ్ అండ్ రిలీజ్, రైట్ అమ్మమ్మా?" అని అడుగుతుంది. అవునంటాను.

పోయిన ఏడు కూడా వెళ్ళాం. పొగమంచు పట్టింది, గడ్డ లోపలి నుంచి ఆ మూలుగు మొదలైంది. ముందు మనవరాలిని దగ్గరికి లాక్కుని, ఉన్నిటోపీ చెవుల కిందకి దించి, పైనుంచి నా రెండు అరచేతులూ గట్టిగా పెట్టాను. చలిగా లేదు అమ్మమ్మా అని అది ఇంగ్లీషులో గోల పెట్టింది. నా మఫ్లరు మాత్రం అప్పటికే విప్పేశాను. నా చెవులు మూసే చేతులు ఇప్పుడు లేవు. నీళ్ళ వైపు తిరిగి, ఆ రోజు వినని మూడో పిలుపు కోసం నిలబడ్డాను.